మౌనిగారు పెట్టుకున్న టోపీ

ఆ విమాన సంస్థలో టోపీ అన్న మాట వినిపిస్తే జనం ముందు నవ్వేవాళ్ళు, తర్వాత సంగతి అడిగేవాళ్ళు. ఎదుటివాడికి పెట్టే టోపీ గురించి అందరికీ తెలుసు. ఎవరి సెలవు ఎవరు కొట్టేశారు, ఎవరి డ్యూటీ ఎవరి నెత్తిన రుద్దారు అన్న కబుర్లు సిబ్బంది గదిలో టీ కన్నా వేడిగా తిరిగేవి. కాని ఎవరికి వారు పెట్టుకోవలసిన టోపీ, నల్ల అంచు, బంగారు రంగు బిళ్ళ ఉన్న పైలట్ టోపీ మాత్రం ఎవరి తల మీదా కనిపించేది కాదు. ప్రయాణికుల మధ్య తిరిగేటప్పుడు పైలట్లు టోపీ ధరించవలెనని నిబంధనల్లో ఉంది. ఆ 'వలెను' అక్కడే పడి ఉంది. టోపీలేమో బీరువాల మీద దుమ్ము తింటున్నాయి. ఒక కెప్టెన్‌గారింట్లో అయితే పిల్లి అందులో పిల్లల్ని పెట్టిందని చెప్పుకునేవారు.

అలాంటి చోటికి ఆ అమ్మాయి కో-పైలట్‌గా వచ్చి చేరింది. మొదటి రోజే టోపీ పెట్టుకుని సిబ్బంది గదిలో అడుగు పెట్టింది. గదిలో తలలన్నీ ఆమె వైపు తిరిగాయి.

ఆ టోపీ మగవాళ్ళ తలల కొలతకు కుట్టినది. అమ్మాయిది చిన్న తల. లోపల ఏదైనా కూరకపోతే కనుబొమ్మల దాకా జారి వచ్చి, తలుపు కనిపించక గోడకు గుద్దుకునేలా ఉండేది. అందుకని వాళ్ళమ్మ గాజుగుడ్డను నాలుగు మడతలు పెట్టి లోపలి పట్టీలో కుట్టింది. కొప్పుకు పిన్నులు గుచ్చి, దాని మీద టోపీ నిలిపి, నిటారుగా నడవడం అలవాటు చేసుకుంది పిల్ల. సాయంత్రానికల్లా ఆమెకు 'టోపీ' అన్న పేరు స్థిరపడిపోయింది. "టోపీ వచ్చిందా?", "టోపీకి కూడా ఒక టీ చెప్పండి", "రేపు నీ పక్కన ఎవరు, టోపీయేనా? జాగ్రత్త, నీకూ పెడుతుంది."

ఆ మాటలకు ఆమె చిన్నబుచ్చుకోలేదు. ఎందుకు చిన్నబుచ్చుకోవాలి? ఏళ్ళ తరబడి చీకటి గదుల్లో, నకిలీ విమానాల్లో, చూసేవాడు లేకుండా నేర్చుకున్న చదువది. పరీక్ష మీద పరీక్ష రాసింది. తీరా ఆ మొదటి రోజు విమానాశ్రయం పొడవాటి హాల్లో నడుస్తుంటే ఒక ముసలి దంపతులు ఎదురొచ్చారు. పెద్దాయన టోపీ వంకా, భుజం మీది చారల వంకా చూసి, "అమ్మా, మా విమానం నడిపేది నువ్వేనా?" అని అడిగాడు. ఔనంది. ఆయన పెళ్ళాం వైపు తిరిగి, "విన్నావుగా, ఇంక మాత్ర వేసుకోనక్కర్లేదు, పద" అన్నాడు. ఆ పూట అమ్మాయి కాళ్ళు నేల మీద ఆనితే ఒట్టు. విమానం ఎక్కకముందే గాల్లో ఉంది.

ఇంట్లో కథ వేరు. వాళ్ళమ్మ పిల్లల ఆసుపత్రిలో హెడ్ నర్సు. కూతురి టోపీలో గాజుగుడ్డ కుట్టింది గాని, మనసులో ఆ టోపీ అంటే పడదు.

"తెల్లటోపీ వదిలించుకోవడానికి మేమెంత పోట్లాడామో తెలుసా నీకు?" అంది ఒకనాడు కూరగాయలు తరుగుతూ. "వంగితే జారిపోయేది. సెలైన్ పెడుతుంటే గొట్టానికి తగులుకునేది. పిల్లలైతే ఆ టోపీ తలుపు దగ్గర కనిపిస్తే చాలు, సూది వస్తోందని గుక్కపట్టి ఏడ్చేవాళ్ళు. తీసేసిన రోజు వార్డులో పండగే అనుకో. నువ్వేమో కోరి కొరివితో తల గోక్కుంటున్నావు."

"నా టోపీ చూసి ఎవరూ ఏడవట్లేదమ్మా."

"ఇంకా నీ విమానం కుదపలేదు కాబట్టి."

ఇలా ఉండగా సంస్థ పెద్ద కెప్టెన్ ఒక సమావేశం ప్రకటించారు. ఈ మధ్య ఒక విమానంలో స్వెటర్ వేసుకుని ముందుకు నడుస్తున్న కెప్టెన్‌ను చూసి, సీటు దొరకని ప్రయాణికుడనుకుని, ఒకాయన చెయ్యి పట్టుకుని లాగి తన పక్కన కూర్చోబెట్టుకున్నాడట. ఆ ముచ్చట పైవాళ్ళ దాకా వెళ్ళింది. టోపీ నిబంధన ఉంటే ఉండాలి, లేకపోతే కొట్టెయ్యాలి, ఊరికే నిబంధనల్లో ఉండి అందరి చేతా అబద్ధమాడించడం నాకిష్టం లేదు, నెలాఖరున అందరూ చేతులెత్తి తేల్చండి అన్నారు పెద్ద కెప్టెన్.

అంతే, గది రెండు ముక్కలైంది. వద్దనేవాళ్ళే ఎక్కువ. వాళ్ళకు నాయకుడెవరంటే, నోరు తెరవని మనిషి. ఆయన్ని అందరూ 'మౌనిగారు' అనేవారు. సంస్థలో అందరికన్నా పాత కెప్టెన్. పెద్ద తల, ఆ తల మీద మందుకు కూడా ఒక్క వెంట్రుక లేదు. గాల్లో అవసరమైన మాటలు తప్ప, నేల మీద రోజుకు పది మాటలాడితే అది పెద్ద సంతర్పణ. నలుగురు కొత్తవాళ్ళు ఉన్న గదిలోకి వెళ్ళాలంటే ఆయనకు చెమటలు పడతాయి. ఆయన టోపీని ఎందుకు వదిలేశాడో మాత్రం అందరికీ తెలుసు. కుర్రతనంలో ఒకసారి విమానం చుట్టూ తిరిగి చూసుకుంటుంటే గాలికి టోపీ ఎగిరి, తిరుగుతున్న పక్క విమానం ఇంజన్‌లోకి పోయిందట. గుటుక్కున మింగేసిందట. ఆ ఇంజన్ విప్పి, బంగారు బిళ్ళ ముక్కలు ఏరేదాకా ఆ విమానం కదల్లేదు. ఆనాటి నుంచి ఆయన టోపీ ముఖం చూడలేదు.

సమావేశానికి కొద్ది రోజుల ముందు, టోపీకీ మౌనిగారికీ ఒకే విమానంలో డ్యూటీ పడింది. సిబ్బంది గదిలో పందేలు కూడా వేసుకున్నారు, ఈ పూట ఎవరు ఎవర్ని మారుస్తారని.

ఎవరూ ఎవర్నీ మార్చలేదు. మౌనిగారు ఆమె టోపీని ఒకసారి చూశాడు, ఆమె ఆయన గుండును ఒకసారి చూసింది. ఇద్దరూ పనిలో పడ్డారు. కాక్‌పిట్‌లో సీటు వెనక కొక్కేనికి టోపీ తగిలించి, చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని, ఆమె మీటలు ఒక్కొక్కటీ ఉత్సాహంగా సరిచూసుకుంది. ఇంత పాత కెప్టెన్ పక్కన కూర్చోవడం అదే మొదలు. ఆయన చెయ్యి మీటల మీద పడే తీరు చూస్తుంటే, బాగా అలవాటైన వంటింట్లో ఆడవాళ్ళు దీపం లేకుండా ఉప్పు డబ్బా అందుకున్నట్టు ఉంది.

మధ్యాహ్నం దాటాక, దిగవలసిన ఊరు ఇంకాస్త దూరంలో ఉండగా, ఎదురుగా మబ్బు లేచింది. మబ్బంటే మామూలు మబ్బు కాదు, నల్లటి గోడ. లోపల మెరుపులు. కింద రన్‌వే మూసేశారని రేడియోలో చెప్పారు. కొంతసేపు చుట్టూ తిరిగారు. గోడ కదల్లేదు.

"పక్క ఊరు," అన్నాడు మౌనిగారు.

ఆమె రేడియోలో దారి అడిగింది, గాలి ఎటు ఉందో కనుక్కుంది, ప్రయాణికులకు మైకులో సంగతి చెప్పింది. వాన తెర చీల్చుకుంటూ ఆయన విమానాన్ని ఆ చిన్న విమానాశ్రయంలో దించాడు. చక్రాలు నీళ్ళలో ఆనిన సంగతి చప్పుడు వింటే గాని తెలియలేదు. అమ్మాయి గుండె దడదడ కొట్టుకుంది. అది భయం కాదు. తిరునాళ్ళలో రంగులరాట్నం ఎక్కిన పిల్లల గుండెలా కొట్టుకుంది.

ఇంధనం పోయించుకోవాలి. ప్రయాణికులు లోపల ఉండగా పోయాలంటే పక్కన ఫైరింజన్ నిలబడాలి. ఆ ఊరికున్నది ఒక్కటే ఫైరింజన్, అది వచ్చేపోయే విమానాల కోసం రన్‌వే దగ్గర కాపలా ఉంది. కాబట్టి అందరినీ దింపి హాల్లో కూర్చోబెట్టారు. విమాన పరిచారికల్లో పెద్దామె, అందరూ అక్క అని పిలిచే ఆవిడ, వాళ్ళతో వెళ్ళింది. ఆ హాల్లో అప్పటికే ఇదే సంస్థ విమానం ఇంకొకటి దారి మళ్ళి వచ్చి ఉంది, దాని జనం సగం కుర్చీలు పట్టేశారు. మిగతావాళ్ళు నిలబడ్డారు.

ఇంధనం పని పూర్తి కావస్తోంది. రేడియోలో అవతల మబ్బు విడుతోందని కబురొచ్చింది.

"జనాన్ని తీసుకురా," అన్నాడు మౌనిగారు.

ఆమె పసుపుపచ్చ వానకోటు తొడుక్కుని, అలవాటుగా కొక్కెం వైపు చెయ్యి చాచింది.

"టోపీ వద్దు. గాలి."

నిజమే. బయట గాలి కోటు అంచుల్ని లాగేస్తోంది. టోపీ అక్కడే వదిలి, తల వంచుకుని, వానలో పరుగు లంకించుకుంది. హాలు పక్కన సిబ్బంది వెళ్ళే చిన్న తలుపు నుంచి లోపలికి దూరింది. ఆమె వెనక ఆ తలుపు గాలికి కొట్టుకుని గడియ పడింది.

లోపలి దృశ్యం చూసి నిలువుగుడ్లేసుకుంది.

అంతకు కాసేపటి ముందు ఆ రెండో విమానం తన జనాన్ని ఎక్కించుకుని బయల్దేరింది. అది ఆకాశంలోకి లేస్తుంటే ఈ విమానం జనం కిటికీల్లోంచి చూశారు. అదే రంగు, తోక మీద అదే బొమ్మ. తమ విమానమేమో భవనం వెనక నిలిపి ఉంది, ఇక్కడి నుంచి కనిపించదు. వానకు కరెంటు పోయింది, మైకు పలకదు. ఎవరో ఒకరు, "అయ్యో, మన విమానం వెళ్ళిపోయింది" అన్నారు. ఆ ఒక్క మాట చాలు. ఎండుగడ్డికి నిప్పు అంటుకున్నట్టు హాలంతా పాకింది. జనమంతా లేచి గాజు తలుపు మీద పడ్డారు. ఆ తలుపు లోపలి వైపుకు తెరుచుకునేది. ముందువాళ్ళు నొక్కుకుపోతుంటే దాన్ని తీసే దారి లేదు. వెనకవాళ్ళకు ఆ సంగతి తెలియదు, తోస్తూనే ఉన్నారు. అందరికన్నా ముందు, గాజును ఆనుకుని, చక్రాల కుర్చీలో ఒక మామ్మ. ఆవిడకు అడ్డంగా రెండు చేతులూ చాపి, వీపుతో జనాన్ని ఆపుతూ అక్క.

"వెళ్ళలేదండీ, మన విమానం ఇక్కడే ఉంది, కాస్త నా మాట వినండి," అని అక్క గొంతు చించుకుంటోంది.

"మీకేం తెలుసమ్మా, మిమ్మల్ని కూడా మాతో పాటే వదిలేసిపోయారు," అన్నాడొకాయన జాలిగా.

అమ్మాయి జనంలోకి దూసుకుపోయింది. "జరగండి, నేను పైలట్‌ని. విమానం ఇక్కడే ఉంది. జరగండి."

ఒక భారీ మనిషి తల వంచి ఆమెను చూశాడు. ముఖాన అంటుకున్న తడిజుట్టు, మోకాళ్ళు దాటిన పసుపు కోటు, చారలు కోటు కింద ఉండిపోయాయి. "నువ్వు పైలట్‌వైతే నేను రెక్కని. వరసలో రా," అని మోచేత్తో పక్కకు నెట్టాడు. ఇంకొకరి సంచీ ఆమె దవడకు తగిలింది. కోటు బొత్తాలు విప్పి చారలు చూపిద్దామంటే చేతులు పైకి లేపే చోటు లేదు. గాజు తలుపు కిర్రుమంది. ఆ చప్పుడు ఆమె వెన్నులోంచి దిగిపోయింది. మామ్మ చేతులు చక్రాల మీద బిగుసుకుని ఉన్నాయి.

సరిగ్గా అప్పుడే తలుపు అవతల, వానలో, మౌనిగారు కనిపించాడు.

ఇంధనం పని ముగిశాక ఆయనకు ఏదో తట్టింది. ఈ పిల్ల జనంలోకి వెళ్ళేటప్పుడు టోపీ లేకుండా ఎప్పుడూ వెళ్ళదు, నేనే వద్దన్నాను అనుకున్నాడు. టోపీని కోటు లోపల దాచుకుని, ఎగరకుండా పైనుంచి చేత్తో నొక్కి పట్టుకుని ఇవ్వడానికి వచ్చాడు. వచ్చి చూస్తే గాజు నిండా ముఖాలు, అరచేతులు. ఆ ముఖాల వెనక ఎక్కడో పసుపు కోటు.

ఆయన అరవలేదు. అరిచినా ఆ గాజు దాటి వినపడదు. ఒకసారి అటూ ఇటూ చూశాడు. తర్వాత కోటులోంచి టోపీ తీసి తన తల మీద పెట్టుకున్నాడు.

గుమ్మడికాయ మీద గిన్నె బోర్లించినట్టుంది. వాన ఆ గుండు మీది నుంచి చెవుల వెంట ధార కడుతోంది. అయినా నల్ల అంచు, మధ్యలో బంగారు బిళ్ళ. ఆయన కోటు ముందు భాగం విప్పి, చారలు కనపడేలా భుజం నిలిపి, ఒక అరచెయ్యి ఎత్తి, కదలకుండా నిలబడ్డాడు.

"పైలటండీ," అంది చక్రాల కుర్చీలో మామ్మ, గాజుకు ముక్కు ఆనించి. "అదిగో, పైలట్ వానలో నిలబడ్డాడు."

"పైలటా?"

"పైలట్ ఇక్కడే ఉన్నాడటరా. ఆయన లేకుండా విమానం ఎలా పోతుంది?"

ఆ మాట కూడా ఇందాకటి పుకారంత వేగంగానే వెనక్కి పాకింది. చూడాలని వెనకవాళ్ళు తల ఎత్తారు. తల ఎత్తాలంటే తోయడం ఆపాలి. ఒత్తిడి కొంచెం సడలింది, ఇంకొంచెం సడలింది. అక్క మామ్మ కుర్చీని మూరెడు వెనక్కి లాగింది. మౌనిగారు గాజు వెనక నుంచే వేలెత్తి పసుపు కోటును చూపించాడు. తల చాలా నెమ్మదిగా ఊపాడు, ఆమె చెప్పేది వినండి అన్నట్టు.

జనమంతా వెనక్కి తిరిగారు. భారీ మనిషి తన మోచేయి దగ్గర నిలబడ్డ పిల్లను మళ్ళీ చూసి, "నిజంగానేనా అమ్మా?" అన్నాడు.

హాలు పక్క గోడకు సామాన్లు వచ్చే బెల్టు ఉంది, దాని నోటికి రబ్బరు పీలికల తెర. మౌనిగారు అటువైపు నడిచాడు. కాసేపటికి ఆ తెర కదిలి, అందులోంచి ఒక తడిచెయ్యి, ఆ చేతిలో టోపీ బయటికొచ్చాయి. ఎవరో అందుకున్నారు. చేతులు మారుతూ, జనం తలల మీదుగా, పెళ్ళిలో పళ్ళెం వచ్చినట్టు అది ఆమె దగ్గరకొచ్చింది. ఆమె కోటు విప్పి పడేసింది, టోపీ పెట్టుకుంది, సామాను తూచే బల్ల ఎక్కి నిలబడింది.

ఇప్పుడు హాల్లో ప్రతి కన్నూ ఆమె మీదే. ఒళ్ళంతా జివ్వుమంది. గట్టిగా అరవబోయి ఆగింది. వార్డులో పిల్లలందరూ ఒక్కసారి ఏడుపు అందుకుంటే అమ్మ ఎప్పుడూ గొంతు పెంచదు, తగ్గిస్తుంది. అప్పుడు వినడం కోసం వాళ్ళే ఊరుకుంటారు. కూతురూ గొంతు తగ్గించింది.

"మన విమానం ఈ గోడ వెనకే ఉంది," అంది. ముందువాళ్ళు "ష్, ఏదో చెప్తోంది" అని వెనకవాళ్ళను ఊరుకోబెట్టారు. "ఇంధనం పోశాం. అవతల వాన తగ్గింది. మీరందరూ ఎక్కేదాకా అది కదలదు, ఎందుకంటే నడిపేవాళ్ళలో ఒకరు బయట తడుస్తున్నారు, ఇంకొకరు తూకం బల్ల మీద ఉన్నారు."

ఎవరో నవ్వారు. ఆ నవ్వుతో హాలు ఊపిరి పీల్చుకుంది.

"తలుపు లోపలికి తెరుచుకోవాలి. అందరూ వెనక గోడ దాకా జరగండి. ముందు మామ్మగారు, తర్వాత చంటిపిల్లల తల్లులు, ఆ తర్వాత తలుపుకు దగ్గరున్నవాళ్ళు. మీ సామాను ఎక్కడికీ పోదు. బాబాయ్‌గారూ, మీరు ఎత్తుగా ఉన్నారు, అక్కడ నిలబడి మధ్యలో దారి ఉంచండి."

నెట్టిన భారీ మనిషే ఆ బాబాయ్. రెండు చేతులూ చాపి దారి కాస్తూ, "ఆగండి, పైలటమ్మ చెప్పింది వినపడలేదా?" అని జనాన్ని తనే కసిరాడు. తలుపు తెరుచుకుంది. చల్లని వానగాలి లోపలికొచ్చింది. గొడుగుల కింద, ఒకరి వెనక ఒకరు, మాటలు చెప్పుకుంటూ బయల్దేరారు. ప్రయాణికుల్లో ఒక్కరికీ చిన్న గీత కూడా పడలేదు. అక్క చివర్న వచ్చి ఆమె వీపు మీద ఒక్కటి చరిచింది.

కాక్‌పిట్‌లోకి వచ్చేసరికి మౌనిగారు తువ్వాలుతో గుండు తుడుచుకుంటున్నాడు. ఆమె టోపీ కొక్కేనికి తగిలించి సీట్లో కూలబడింది. నోరు మాత్రం ఆగడం లేదు.

"మీరు పెట్టుకోకపోతే ఆ తలుపు పగిలేదండీ. మామ్మగారి మీద పడేది. మీకెలా తట్టిందండీ అలా నిలబడాలని? నేను చెప్తుంటే ఒక్కరూ నమ్మలేదు, మీరు ఒక్క మాట కూడా అనలేదు..."

"మాటలు నాకు రావు," అన్నాడాయన. తువ్వాలు మడిచి పక్కన పెట్టి, "అది పెట్టుకుంటే మాట్లాడక్కర్లేదనిపించింది" అన్నాడు. తర్వాత బెల్టు బిగించుకుంటూ, తేలిగ్గా, "అవతల నువ్వే దించు" అన్నాడు.

అమ్మాయి చటుక్కున హెడ్‌ఫోన్లు అందుకుంది. దిగవలసిన ఊరి మీదికి చేరేసరికి, వాన వెలిసినా ఎడమ నుంచి గాలి కొడుతోంది. అలాంటి గాలిలో కొత్తవాళ్ళ చేతికి ఎవరూ ఇవ్వరు. మబ్బుల అంచుల్లో ఎండ పడుతోంది. కింద తడిసిన రన్‌వే అద్దంలా మెరుస్తూ, గాలికి పక్కకు పక్కకు జారిపోతున్నట్టు ఉంది. ఆమె విమానం ముక్కును గాలి వైపు తిప్పి పట్టుకుంది. పాదాలు, చేతులు, కళ్ళు, అన్నీ ఒక్క మనిషివే అన్న సంగతి ఆ రోజే మొదటిసారి తెలిసినట్టుంది. చివరి క్షణంలో విమానాన్ని తిన్నగా చేసింది. ఒక చక్రం ఆనింది, రెండోది ఆనింది. కాస్త గట్టిగానే ఆనాయి గాని, రన్‌వే నడిమి గీత మీదే ఆనాయి. వెనక నుంచి చప్పట్లు తలుపు దాటి వినిపించాయి.

"ఊఁ," అన్నాడు మౌనిగారు. ఆయన్ని ఎరిగినవాళ్ళకు అది సన్మానపత్రం.

దిగేటప్పుడు ఇద్దరూ గుమ్మం దగ్గర నిలబడ్డారు. మామ్మ చక్రాల కుర్చీ ఆపించి, మౌనిగారి చెయ్యి పట్టుకుని, "బాబూ, నీ టోపీ చిన్నదైపోయింది, కొత్తది కుట్టించుకో" అంది. ఆయన గుండు కొసదాకా ఎర్రబడింది.

నెలాఖరు సమావేశానికి గది కిక్కిరిసిపోయింది. గాజు తలుపు కథ అప్పటికే పదింతలై తిరుగుతోంది. ఒకరి లెక్కలో మౌనిగారు గాజు పగలగొట్టుకుని లోపలికి దూకాడు. వద్దనేవాళ్ళు దిగులుగా ఉన్నారు. ఇక టోపీ లేచి టోపీ గెలిచిందని ఉపన్యాసం దంచుతుందని అందరి ఊహ.

ఆమె లేచింది. "ఆ రోజు జనానికి కావలసింది టోపీ కాదు, మనలో ఒకళ్ళు. ఉన్నామని తెలియాలి. నేను వాళ్ళ మధ్యే ఉన్నాను, తెలియలేదు. అందుకని జనం ఉన్నచోట టోపీ ఉండాల్సిందే అంటాను. కాని ఆయన టోపీ ఇంజన్‌లోకి పోయింది కూడా నిజమే. నా దాన్ని ఆయన వద్దన్నదీ అందుకే, సబబే. ఇంజన్లు తిరిగే చోట టోపీ పెట్టుకున్నవాణ్ణి ఆపండి, హాల్లో పెట్టుకోనివాణ్ణి ఆపండి. ఇంకొకటి, ఆడవాళ్ళ కొలతల్లో కూడా కుట్టించండి. మా అమ్మ గాజుగుడ్డ అయిపోతోంది."

నవ్వులు లేచాయి. వెనక నుంచి ఒక కుర్ర కెప్టెన్, "మరి మౌనిగారు పెట్టుకున్నది బయట మైదానంలోనేగా? మొదటి తప్పు ఆయనదే" అన్నాడు.

మౌనిగారు లేచి నిలబడ్డాడు. గది నివ్వెరపోయింది. ఆయన సమావేశంలో లేవడం ఎవరి ఎరుకలోనూ లేదు. నుదుటన చెమట.

"ఇంజన్లన్నీ ఆగి ఉన్నాయి," అన్నాడు. "చూసుకునే పెట్టుకున్నాను." కూర్చోబోయి మళ్ళీ నిలబడ్డాడు. "ఇష్టం లేకుండా పెట్టించుకున్నది జారిపోతుంది. ఎందుకు పెట్టుకోవాలో ఈ అమ్మాయి చెప్పింది. నాకిప్పుడు ఇష్టమే."

చేతులు లేచాయి. అందరివీ లేవలేదు. పిల్లి కెప్టెన్ చేతులు కట్టుకునే కూర్చున్నాడు, ఆయనతో పాటు ఇంకో వరస కూడా. అయినా లేచిన చేతులే ఎక్కువ. పెద్ద కెప్టెన్ నిబంధనను ఆమె చెప్పినట్టే మార్చి రాయిస్తానన్నారు. బయటికొస్తుంటే ఓడినవాళ్ళలో ఒకాయన, "అమ్మాయ్, మొత్తానికి అందరికీ పెట్టేశావు" అన్నాడు. ఆ మాటకు అందరికన్నా ఎక్కువగా ఆమే నవ్వింది.

సాయంత్రం ఇంటికి వచ్చి చెప్పులు విప్పకముందే, కంగారు పడుతుందని అన్నాళ్ళూ దాచిన కథంతా అమ్మకు చెప్పడం మొదలుపెట్టింది. అమ్మ డ్యూటీ నుంచి అప్పుడే వచ్చి కాళ్ళు బారజాపుకుని కూర్చుని ఉంది. గాజు తలుపు సంగతి వినేటప్పుడు ఆవిడ ముఖం పాలిపోయింది, గొంతు తగ్గించిన చోట మళ్ళీ రంగు తిరిగింది.

"అయితే మీ దగ్గర గెలిచిందన్నమాట," అంది చివరకు.

"గెలిచింది. నీకు నచ్చలేదు కదూ?"

"మా వార్డులోకి రానంతవరకు నాకేం అభ్యంతరం లేదు. అక్కడ మేం చేసిందే సరి." ఆవిడ కూతురి దవడ మీద సంచీ తగిలిన చోట వేలితో తడిమి చూసింది. వాపు ఎప్పుడో తగ్గిపోయింది. "ఇంతకీ ఆ పక్కగాలిలో ఎలా దించావు? ముక్కు గాలి వైపు పెట్టానన్నావు, మరి చక్రాలు పక్కకి పోవూ? అది చెప్పు ముందు."

అమ్మ విమానం గురించి అడగడం అదే మొదటిసారి. అమ్మాయి బల్ల మీది గ్లాసులు, చెంచాలు అన్నీ ఒక పక్కకు జరిపి, కంచాన్ని రన్‌వే చేసి, చెంచాను విమానం చేసి, గాలి ఎటు నుంచో ఊది చూపిస్తూ, మళ్ళీ మొదటి నుంచి దించడం మొదలుపెట్టింది.